కొండమీది పల్లెవారు అమాయకులా?



కొండలలో, అడవి నడుమ, ముప్పది నలుబది గడపలు మాత్రమే గల పల్లెలో బ్రదుకువారిని గూర్చి మనవారు మాటలాడుకొనునప్పుడు ఒక మాట తప్పక వినబడును. "పాపం, అమాయకులండీ!" కోరాపుట్, రాయగడ, గుణుపురం, మల్కనగిరి ప్రాంతములలో స్థిరపడిన తెలుగు ఇండ్లలో ఈ మాటను నేను చిన్ననాటినుండి వినుచున్నాను. అంగడి యజమాని అనును, కంట్రాక్టరు అనును, బడిపంతులు అనును, బదిలీమీద వచ్చి రెండేండ్లుండి పోవు బ్యాంకు గుమాస్తా కూడ అనును. ఎవరును ద్వేషముతో అనరు, జాలితోనే అందురు. అయినను ఆ జాలిని ఒకసారి త్రాసులో పెట్టి చూడవలెనని నాకు చాలకాలముగా ఉన్నది. ఎందుకనగా మనము ఒకరిని ఏమని పిలుచుచున్నామో, వారితో వ్యవహారము కూడ ఆ పిలుపు చొప్పుననే చేయుదుము.

మొదట మాటను చూతము. అమాయకుడు అనగా మాయ లేనివాడు, కపటమెరుగనివాడు. ఇది పొగడ్త. మనలో ఎవరినైనను ఆ అర్థముతో అమాయకుడన్న యెడల సంతోషింపవలసినదే. కాని వాడుకలో ఈ మాటకు రెండవ అర్థము వచ్చి చేరినది: లోకము తెలియనివాడు, లెక్క రానివాడు, ఎవరేమి చెప్పినను నమ్మి మోసపోవువాడు. మొదటిది గుణము, రెండవది లోటు. ఈ రెండును ఒకే మనిషిలో ఉండవలెనను నియమమేమియు లేదు. అంతయు తెలిసియు కపటము లేనివారున్నారు. ఏమియు తెలియకయే నిలువెల్ల కపటమైనవారును ఉన్నారు. ఇద్దరినీ మనము చూచియే యున్నాము. మరి రెండు వేరు సంగతులను ఒకే మూటగా కట్టి కొండవారి నెత్తిన పెట్టుటవలన ఎవరికి లాభము కలిగినదో అడుగవలసి యున్నది.

కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రలలో ఉన్న మనవారికి ఈ ఊళ్లు తెలియకపోవచ్చును గనుక కొంచెము వివరించెదను. కోరాపుట్ పట్టణము సముద్రమట్టమునకు దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్నది. అదే జిల్లాలోని దేవ్‌మాలి 1,672 మీటర్లు. ఒడిశాలో అంతకంటె ఎత్తైన శిఖరము లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రముగా ఏర్పడు వరకు ఈ ప్రాంతమంతయు విశాఖపట్టణము జిల్లాలోనిదే. కాబట్టి ఇచ్చటి తెలుగువారిలో కొందరు సరిహద్దు దాటి వచ్చినవారు కారు, సరిహద్దే వారిని దాటి పోయినది. మిగిలినవారు ఉద్యోగమునకో వ్యాపారమునకో వచ్చి నిలిచిపోయినవారు. చుట్టును కొంధులు, పరజలు, గదబలు, సవరలు, బోండాలు మొదలైనవారి పల్లెలు. కువి మాటలాడు కొంధుల భాష మన తెలుగుకు చాల దగ్గరి చుట్టము. భాషాశాస్త్రజ్ఞులు రెండిటిని ఒకే ఉపకుటుంబములో చేర్చుదురు. ఇన్ని తరములు ప్రక్క ప్రక్కన ఉండియు మనలో ఎందరము ఆ చుట్టమును పలుకరించితిమో చెప్పనక్కరలేదు.

అట్టి ఊరిలో ఒక సంవత్సరము బ్రదుకుటకు మనిషికి ఎంత తెలిసియుండవలెనో చూడుడి. కొండవాలున ఉన్న మెట్టభూమిని డొంగరు అందురు. అందులో చోళ్లు, సామలు, కందులు, వలిసెలు కలిపి చల్లుదురు. పైనుండి వచ్చిన వ్యవసాయ ఉద్యోగికి అది గజిబిజిగా కనబడును. గజిబిజి కాదు. వాన తొందరపడి ఆగిపోయిన యెడల కందులు నిలుచును, ఎక్కువైన యెడల మరియొకటి నిలుచును. అన్నియు ఒకే వారములో కోతకు రావు గనుక ఇంట ఇద్దరే పనివారున్నను కోసికొనగలరు. క్రింద లోయలో వాగు పారు దారినే మెట్లు మెట్లుగా చెక్కి, నీరు ఒక మడినుండి మరియొక మడికి జారునట్లు చేసిన వరిపొలమును జోలా అందురు. ఏ గట్టు ఎంత ఎత్తున ఉండవలెనో, ఏ రాయి తీసిన యెడల పై మడి జారిపోవునో ఏ ఇంజనీరును వారికి చెప్పలేదు. తాత కట్టగా తండ్రి సరిచేసినది, తండ్రి సరిచేయగా కొడుకు కాచుకొనుచున్నది.

విత్తనముల సంగతి ఇంకను గొప్పది. 1955, 1959 సంవత్సరముల మధ్య వరి శాస్త్రజ్ఞులు జయపురము ప్రాంతమంతయు తిరిగి 1,700కు పైబడిన నాటు వరి రకములను సేకరించిరి. సోదరులారా, ఇన్ని రకములు అడవిలో వాటంతట అవి మొలవలేదు. ఇది ఎత్తుభూమికి, ఇది నీరు నిలుచు పల్లమునకు, ఇది తొందరగా పండునది, ఇది పేలాలకు, ఇది పండుగ అన్నమునకు అని ఎవరో ఏరి, ఎండబెట్టి, కుండలో దాచి, ఏటేట మరల విత్తిరి. చాలవరకు స్త్రీలే. ఐక్యరాజ్యసమితివారి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో కోరాపుట్ సాంప్రదాయ వ్యవసాయమును ప్రపంచ ప్రాముఖ్యము గల వారసత్వముగా గుర్తించినది. జయపురము దగ్గర పాత్రపుట్ గ్రామమునకు చెందిన కమలా పూజారి అను ఆదివాసీ స్త్రీ బడిలో చదివినది కాదు. నూరు వరకు నాటు వరి రకములను కాపాడి ఊరూర పంచినందుకు 2019లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చిరి. 2024లో ఆమె మరణించినది. మనవారు పత్రికలో ఆమె బొమ్మ చూచి ఏమనిరో మీరు ఊహింపగలరు. "చూడండి, పాపం, ఎంత అమాయకంగా ఉందో!"

అడవి తెలివి మరియొకటి. కొన్ని అడవి దుంపలు అట్లే ఉడుకబెట్టి తిన్న యెడల గొంతు పట్టుకొనును, ప్రాణమునకును ముప్పు. వాటిని పలుచగా తరిగి, బుట్టలో పెట్టి, పారు నీటిలో నానవేసి, విషము పోయిన తరువాతనే వండవలెను. ఏ దుంపకు ఒక రాత్రి చాలును, దేనికి ఇంకను ఎక్కువ కావలెను అనునది తప్పినవాడు రెండవసారి తప్పుటకు ఉండడు. అడ్డాకులు ఏ నెలలో కోయవలెను, కొండచీపురు ఏ దశలో తీసిన యెడల పూత రాలదు, వెదురు కొమ్ములలో ఎన్ని కోసి ఎన్ని విడువవలెను, ఇవన్నియు ఎక్కడను వ్రాసియుండలేదు. వ్రాయలేదు గనుక అది చదువు కాదని మనము అనుకొందుము. ఉపాధ్యాయ శిక్షణలో మాకు, పిల్లవానికి తెలిసినదానినుండి తెలియనిదానికి తీసికొనిపొండని నేర్పిరి. మంచి సూత్రమే. కాని కొండపల్లెలోని బడికి వెళ్లు పంతులు, పిల్లవానికి తెలిసినది తనకు ఏమియు తెలియదు గనుక, ఆ సూత్రమును ఎక్కడ మొదలుపెట్టగలడు?

ఒకసారి కుందులి సంతలో ఒక ముసలమ్మ అడ్డాకుల కట్టలు అమ్ముచుండగా నేను ప్రక్కన నిలిచియున్నాను. కొనువాడు మన తెలుగువాడే. "నూట ఇరవై కట్టలు" అని లెక్క చెప్పి డబ్బు తీసెను. ముసలమ్మ కట్టల మీదనుండి చేయి తీయలేదు. దేశియా మాటలో, "ఆరు కోడిలు, ఇంకా నాలుగు" అనెను. ఒడియావారు ఇరవైని కోడియే అందురు; ఆమె ఇరవైలతో లెక్కించెను. ఆరు ఇరవైలు, నాలుగు. అనగా నూట ఇరవై నాలుగు. నాలుగు కట్టల డబ్బు చేతిలో పడువరకు ఆమె చేయి కదలలేదు. అతడు నవ్వుచు ఇచ్చివేసి నాతట్టు తిరిగి, "చూశారా మేష్టారూ, వీళ్లకి నూరు దాకా లెక్క రాదండి" అనెను. అతడు చెడ్డవాడు కాడు. తన కన్నులయెదుట జరిగినదానిని అతడు చూడలేకపోయెను, అంతే. ఆ మాట అతని కన్నులకు అడ్డముగా నిలిచినది.

ఇక రెండవ గుణమును గూర్చి. ఈ పల్లెలలో చాల ఇండ్లకు తాళముండదు. ఇది చూచి మనవారు, దొంగతనమంటే తెలియని మనుష్యులు అని మెచ్చుకొందురు. నేను అట్లు అనుకొనను. అడవిలో ఏ గుర్తును లేక నిలిచియున్న జీలుగు చెట్టు ఎవరిదో, అది వానికి ఏ తాతనుండి పంపకములో వచ్చినదో ఊరిలో పెద్దలకు తెలియును. ఫలానా ఇప్పచెట్టు క్రింద ఏరు హక్కు ఫలానా ఇంటిదని తెలియును. రాత్రి ఎవడైనను ఆ చెట్టు కల్లు దించుకొన్న యెడల ఉదయమునకు ఊరికి తెలియును. దొంగిలించుట వారికి తెలియకపోవుట కాదు. దొంగిలించిన యెడల ఎవరి పిల్లలు పస్తుందురో పేరుపేరున తెలిసియుండుట. తెలియకపోవుటవలన కలిగిన మంచితనము కాదది, చాల తెలియుటవలన కలిగినది.

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయముగానే వచ్చును. నలుబది ఇండ్లవారి కన్ను మీద ఉన్నందున మంచిగా ఉండుట నిజమైన మంచితనమేనా? భయముచేత కుదురుగా ఉండుట కాదా? నాకు తోచినది చెప్పెదను. పట్టణములో కూడ ఇప్పుడు వీధివీధిని కెమెరా ఉన్నది. కెమెరా మనలను చూచును గాని ఎరుగదు. పట్టుబడిన తరువాత మనకు అన్నము పెట్టదు. పల్లె కన్ను ఎరిగిన కన్ను. తప్పు చేసినవాడు కూడ మరునాడు అదే ఊటకు నీటికి రావలెను, వాని ఇంట చావు వచ్చిన యెడల అదే నలుబది ఇండ్లవారు మోయవలెను. అందుచేత తగవు తీర్చునప్పుడు వారు సగము రోజు కూర్చుందురు. మనకు అది కాలయాపనగా కనబడును. ఎవరును ఊరు విడిచి పోనక్కరలేని తీర్పు కావలెనన్న యెడల అంతసేపు పట్టును.

అయితే నేను కొండపల్లెను స్వర్గముగా వర్ణించుటకు కలము పట్టలేదు. అట్లు చేసిన యెడల అమాయకులనుటకు అది మరియొక రూపమే అగును. అక్కడ త్రాగుడున్నది, దాని వెంట భార్యను కొట్టుటయు ఉన్నది. జ్వరముతో బిడ్డ చనిపోయిన యెడల ఒక విధవరాలిమీద మంత్రగత్తె అను నింద పడును. కొన్ని చోట్ల హత్యల వరకు పోయినందుననే ఒడిశా ప్రభుత్వము 2013లో దానికై ప్రత్యేక చట్టము చేసినది. రోగమున్నది: 2016లో దేశమంతటి మలేరియా కేసులలో దాదాపు 40 శాతము ఒడిశా ఒక్కదానిలోనే నమోదైనవి, అందులోను కొండ జిల్లాలలో ఎక్కువ. మరుసటి సంవత్సరమునుండి పల్లెపల్లెకు వెళ్లి పరీక్షించి మందు, దోమతెరలు ఇచ్చు పథకము నడిచినందున అది చాల తగ్గినది. ఇప్పటికిని బండి పోని ఊళ్లనుండి గర్భిణీ స్త్రీని డోలీలో మోసికొని రావలసి వచ్చుచున్నది. ఈ సంగతులు చెప్పవలసినవే. నిందవేసిన వానిని, కొట్టిన వానిని ఆ ఊరి పెద్దలు అడుగవలసినదే, మనమును అడుగవలసినదే. వారు పెద్దవాండ్రు; మంచికిని చెడుకును పూచీ గలవారు. అమాయకుడనిన యెడల వాని మంచికి మెప్పును ఉండదు, వాని తప్పుకు జవాబుదారీయు ఉండదు. పసిపిల్లలకు మాత్రమే అట్టి లెక్క.

ఇప్పుడు లాభము ఎవరికను ప్రశ్నకు వచ్చెదను. మైదానమునుండి ఉప్పు, ఎండుచేపలు, గుడ్డ కొండమీదికి ఎక్కినవి. చింతపండు, పసుపు, అల్లము, చోళ్లు దిగినవి. ఉప్పు తెచ్చినవాడు మేలు చేసెను, అందులో సందేహము లేదు. కాని తీసికొనునప్పుడు పెద్ద మానిక, ఇచ్చునప్పుడు చిన్న మానిక అను వాడుక కూడ అతనితో ఎక్కినది. చింత పూతమీద ఉన్నప్పుడే, వానల కరువులో, ఇంత అప్పు ఇచ్చి కాయ ధర అప్పుడే ఖాయము చేసికొనుట ఎక్కినది. దానికంటె ఘోరమైనది గోతి. అప్పు తీరువరకు ఇంటి మగవాడు సాహుకారు పొలములో పనిచేయవలెను. చేసిన పని వడ్డీకే చెల్లిపోవును, అసలు కొడుకుకు మిగులును. కోరాపుట్‌లో అధికారిగా పనిచేసిన గోపీనాథ్ మహంతిగారు 1945లో ప్రచురించిన 'పరజా' అను ఒడియా నవల అంతయు ఈ గోతి కథయే. ఆయన కొండవారి పక్షము వహించుచున్నారని 1953లో రాయగడ ప్రాంతపు భూస్వాములు, సాహుకారులు ప్రధానమంత్రి నెహ్రూగారికే ఫిర్యాదు పంపుకొనిరి. అధికారి న్యాయముగా నుండుటే నేరమైనది! గోతిని నిషేధించు శాసనము 1948లోనే వచ్చినది. 1976 కేంద్ర చట్టము వెట్టిని దేశమంతట నిషేధించినది. ఇన్ని శాసనములు అవసరమైన వ్యాపారమును నడిపినవారు ప్రతి సాయంకాలము అరుగుమీద కూర్చుండి ఆ మాటయే అనిరి. అమాయకులండీ, పాపం.

చూచితిరా ఆ మాట చేయు పని? ఎదుటివాడు మోసపోవుటకు కారణము మన మోసము కాదు, వాని అమాయకత్వము. మానిక చిన్నదైనందున కాదు, వానికి లెక్క రానందున. దోషము మన చేతినుండి వాని తలకు మారిపోవును. ఆపైన జాలిపడుటకు కూడ మనకే అవకాశము మిగులును.

భూమి విషయములో శాసనము ఈ మాటను ఒప్పుకొనలేదు. ఏజెన్సీ భూములు కొండవారి చేతినుండి జారిపోకుండ మద్రాసు ప్రభుత్వము 1917లోనే చట్టము చేసినది. ఒడిశాలో 1956 రెగ్యులేషను వచ్చినది. 2002 సవరణతో షెడ్యూల్డు ప్రాంతములలో ఆదివాసీ భూమి ఆదివాసేతరునికి పోవుట పూర్తిగా నిషిద్ధమైనది. ఆంధ్రలో 1959 రెగ్యులేషను, దానికి 1970 సవరణ. ఆ 1970 సవరణలో ఒక సంగతి మనస్సాక్షి గలవారు ఆలోచింపదగినది. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి, వేరుగా రుజువగువరకు, గిరిజనునినుండి వచ్చినదనియే భావింపవలెనని అది చెప్పుచున్నది. ఋజువు భారము తీసికొన్నవానిమీద ఉన్నది.

దీనికి మనవారిలో చదువుకొన్న ఒక పెద్దమనిషి నాకు చెప్పిన ఆక్షేపణ తేలికైనది కాదు. "మీరు అమాయకులనవద్దంటున్నారు. మరి వాడి పొలం వాడు అమ్ముకోవడానికి వీల్లేదన్న చట్టం వాణ్ణి చిన్నపిల్లాడిగా చూడడం కాదా? పెద్దవాడైతే అమ్ముకోనివ్వండి." నేను ఈ మాటను చాలదినములు ఆలోచించితిని. నా ఉత్తరమిది. చేనికి కంచె వేయుట పైరు తెలివితక్కువదని కాదు, పశువు ఉన్నదని. ఒక ప్రక్కన వడ్డీ, కాగితము, కోర్టు భాష, తహసీలు కచేరీలో పరిచయము, జేబులో రొక్కము; రెండవ ప్రక్కన వానలలో ఖాళీ గాదె, డోలీలో గర్భిణీ భార్య. ఆ దినమున అమ్మువాడు ఎంత తెలివిగలవాడైనను అమ్మును. శాసనము కట్టివేసినది అతని తెలివిని కాదు, ఆ దినమున అతని గడప తొక్కు మన కాలిని. ఇంత చెప్పినను ఆ ఆక్షేపణ పూర్తిగా తీరలేదని ఒప్పుకొనుచున్నాను. కొండవారి బిడ్డ చదువుకొని పట్టణములో ఇల్లు కట్టగోరిన యెడల తన మెట్టభూమికి మంచి ధర రాదు. ఆ నష్టము నిజమైనది. దానిని ఎట్లు తీర్చవలెనో చెప్పవలసినవారు వారే గాని, ఆ భూమిని కొనగోరు మనము కాదు.

వారు చెప్పగలరా అని ఎవరికైనను సందేహమున్న యెడల 2013 సంగతి చూడుడి. రాయగడ, కలహండి జిల్లాల నడుమ నియమగిరిమీద బాక్సైటు గని త్రవ్వవలెనా అను విషయమును గ్రామసభలకే విడిచిపెట్టవలెనని సుప్రీంకోర్టు ఆ ఏప్రిల్ 18న తీర్పు చెప్పినది. జూలై, ఆగస్టు నెలలలో 12 పల్లెలలో, న్యాయాధికారి ఎదుట, సభలు జరిగినవి. చాల చిన్న పల్లెలు. కొన్నిటిలో ఓటర్లు నూరుమందియైనను లేరు. డోంగ్రియా కొంధులును వారితో ఉన్న ఇతరులును ఒక్కొక్కరుగా లేచి చెప్పిరి. పన్నెండిటికి పన్నెండు సభలును వద్దనినవి. గని ఉండవలెనా వద్దా అను దానిమీద మనలో అభిప్రాయభేదములుండవచ్చును, ఉద్యోగములు వచ్చియుండునని చెప్పువారును ఉన్నారు. కాని ఆ సభలలో అడిగినది అర్థము కాక జవాబు చెప్పినవారెవరును లేరు.

దీనికి తలక్రిందుగా ఉన్నది 2001 నాటి కాశీపురం సంగతి. రాయగడ జిల్లా కాశీపురం బ్లాకులో ఆ వానకాలము మామిడి టెంకల జావ త్రాగిన అనేకులు చనిపోయిరి. అది ఆకలి చావా, విషాహారమా అని పెద్ద వాదము నడిచినది. అది వారి ఆహారపు అలవాటు, వారికి తెలియక తినిరి అని చెప్పినవారున్నారు. కొండవారికి టెంకను గూర్చి తెలియకపోవుటయా! ఎండబెట్టి, దంచి, కడిగి, పులుపు విరిచి వాడుట వారికి తరతరములుగా తెలియును. గాదెలో గింజ ఉన్నవాడు బూజుపట్టిన టెంక జోలికి పోడు. అక్కడ కొరవడినది తెలివి కాదు, ధాన్యము. తెలియక తినిరి అనుట తేలిక. ఏలయనగా తెలియకపోవుటకు మందు ఉపన్యాసము, ధాన్యము లేకపోవుటకు మందు ధాన్యము.

మనవారిలో వేరు దారి తొక్కినవాడు ఒకడున్నాడు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని (1863–1940) వాడుకభాష ఉద్యమకారుడుగా అందరును ఎరుగుదురు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న కాలములో ఆయన చుట్టుప్రక్కల కొండలలోని సవరలను చూచెను. వారికి తెలుగు నేర్పవలెనని ఆయన బయలుదేరలేదు. రెండు భాషలును వచ్చిన ఒకనిని తన ఇంట పెట్టుకొని, తానే శిష్యుడై, ఏండ్ల తరబడి సవర నేర్చుకొనెను. తరువాత సవరలోనే వాచకములు వ్రాసి, తన డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చెను. ఆయన సవర భాషా వ్యాకరణము 1931లో వెలువడినది, కొన్నేండ్లకు నిఘంటువు వచ్చినది. కొండజ్వరమునకు మ్రింగిన క్వినైను వలన ఆయన వినికిడి పోయినదని చెప్పుదురు. సవరకు వ్యాకరణమున్నదని తెలిసికొనుటకు ఆయన ముందు ఒకటి నమ్మవలసి వచ్చెను: ఎదుట కూర్చున్నవాడు తనకు తెలియనిది ఎరిగినవాడని. పంతులుగా నేను ఆయనను తలచుకొనునది గ్రాంథికవాదులతో చేసిన పోరాటమునకంటె దీనికొరకే.

ఇక మన ఇండ్ల సంగతి. మనలో కొందరు సాగుకు కౌలు తీసికొన్న అల్లపు చేలున్నవి, నీలగిరి తోటలున్నవి. ఒక సంవత్సరమునకని నోటిమాటమీద తీసికొని, అయిదవ సంవత్సరము కూడ ముగిసినవి ఉన్నవి. ఇంటి పనివాని పేర పట్టా చేయించి, పంట మాత్రము మనము తెచ్చుకొనుచున్నవి కూడ ఉన్నవని వినుచున్నాను. అట్టివారిని అడిగిన యెడల, "వాడికేం తెలుసండీ, ఇచ్చింది పుచ్చుకుంటాడు" అందురు. అతనికి తెలియును. ఏ బండనుండి ఏ చెట్టువరకు తన తండ్రి చేనో అతని పిల్లలకు కూడ తెలియును. మన గట్టుమీద గొర్రెలు కాయుచు వారు చూచుచునే యున్నారు. నాబోతు ద్రాక్షతోట కథ మన పిల్లలకు ఆదివారపు బడిలో చెప్పుచున్నాము గదా. అందులో తోట అడిగినవాడు రాజు, కనీసము అడిగెను. గడువు తీరిన కౌలును ఈ పుష్యములో, పంట ఎత్తగానే, చేను చూపి లెక్క చెప్పి అప్పగించుట కష్టమైన పని కాదు. పనివాని పేర ఉన్నది పనివానిదే. పేరు మార్చనక్కరలేదు, పంట మార్చిన చాలును.

మన యువజనులు ప్రతి సంవత్సరము కొండపల్లెలకు పాతబట్టలు, బిస్కత్తులు తీసికొనిపోవుచున్నారు. పోవద్దని చెప్పను. ఈసారి మూటలు తగ్గించి, నోటుపుస్తకములు తీసికొనిపొమ్మని చెప్పుచున్నాను. ఊరి పెద్దలను ముందుగా అడిగి, వారము దినములుండి, ఆ ఇంటి అవ్వ ఎన్ని విత్తనములు దాచినదో, ఒక్కొక్కదాని పేరేమో, ఎందుకు దాచినదో వ్రాసికొని, ఆమెకు చదివి వినిపించి, తప్పులు ఆమెచేతనే దిద్దించుకొని రావలెను. వెళ్లుటకు మాఘ ఫాల్గుణములు మంచివి. మన బియ్యము, పప్పు మనమే మోసికొనిపోవలెను. శ్రావణ భాద్రపదములలో మాత్రము వెళ్లవద్దు. అప్పటికి పాత గింజ అయిపోయి కొత్తది చేతికి రాదు, అయినను వచ్చినవారికి వండిపెట్టక వారు ఊరుకొనరు.